నిద్రమాత్ర, మతిమరుపు: రాత్రి ఏం జరుగుతోంది, పొద్దునకి ఏం మిగులుతోంది

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. మీరు 54 ఏళ్ల మహిళ. ఎనిమిది నెలలుగా ప్రతి రాత్రీ జోల్‌పిడెమ్ 10 మిల్లీగ్రాముల మాత్ర వేసుకుంటున్నారు. నిద్రయితే పడుతోంది. కానీ ఆఫీసులో బాగా తెలిసినవాళ్ల పేర్లే నోటిదాకా వచ్చి ఆగిపోతున్నాయి. పొద్దున మీటింగులో ఒప్పుకున్న పని మధ్యాహ్నానికి గుర్తుండటం లేదు. పోయిన నెలలో ఒక రాత్రి తమ్ముడికి ఫోన్ చేసి 14 నిమిషాలు మాట్లాడారు, మర్నాడు కాల్ లిస్టు చూసేదాకా ఆ సంగతే మీకు తెలియదు. ఇది మాత్ర పనా, వయసు పనా, జ్ఞాపకం, ఆలోచన క్రమంగా పోయే జబ్బు డిమెన్షియాకి మొదలా, మాత్ర ఆపేస్తే తగ్గుతుందా అన్నది మీ ప్రశ్న.

నేను సైకియాట్రిస్టును. పాతికేళ్లుగా నిద్ర పట్టనివాళ్లను, నిద్రమాత్ర మానలేనివాళ్లను చూస్తున్నాను. ముందు జవాబు చెప్పి, తర్వాత కారణాల్లోకి వెళ్తాను. ఆ ఫోన్ సంగతి దాదాపు కచ్చితంగా మాత్ర పనే. పగటి మతిమరుపులో మాత్రకి వాటా ఉండే అవకాశం ఎక్కువ, అయితే అదొక్కటే కారణం కాకపోవచ్చు. డిమెన్షియా అని భయపడాల్సిన లక్షణం మీరు రాసినదాంట్లో నాకు కనబడలేదు. మనిషిని చూడకుండా అంతకు మించి చెప్పడం సరికాదు. ఇంకో మాట, ఇది చదివి భయపడి మీ అంతట మీరు మాత్ర మానేయకండి, డాక్టరుతో మాట్లాడే మానాలి. కారణం కింద రాశాను.

మెదడులో గాబా అనే రసాయనం ఉంటుంది. నాడీకణాల జోరు తగ్గించడం దాని పని. మీరు వేసుకునే జోల్‌పిడెమ్, దానికి దగ్గరిదైన జోపిక్లోన్, అంతకుముందు తరం బెంజోడయాజెపైన్లు, అంటే డయాజెపామ్, అల్ప్రజోలమ్, క్లోనజెపామ్, లోరజెపామ్, నైట్రజెపామ్ వగైరా, అన్నీ చేసేది ఒకటే: గాబా చేసే పనికి బలం పెంచుతాయి. గాబా పని చేసే చోట్లు నిద్రకు సంబంధించిన భాగంలోనే ఉండి ఉంటే మీకు ఈ ప్రశ్న వచ్చేదే కాదు. అవి మెదడంతా ఉన్నాయి. కొత్త జ్ఞాపకాలు తయారయ్యే హిప్పోక్యాంపస్‌లో ఉన్నాయి, ఏకాగ్రతని నడిపే ముందుభాగంలో ఉన్నాయి, ఒంటి తూకం చూసుకునే చిన్నమెదడులో ఉన్నాయి. మాత్ర రక్తంతో పాటు అన్నిచోట్లకీ వెళ్తుంది. అందుకే నిద్ర వస్తుంది, అందుకే అర్ధరాత్రి బాత్రూముకి లేస్తే కాళ్లు తూలతాయి, అందుకే ఫోన్‌లో మాట్లాడింది గుర్తుండదు.

ఆ 14 నిమిషాల్లో ఏం జరిగి ఉంటుందో చూద్దాం. మీరు నంబరు సరిగ్గానే వెతుక్కున్నారు. తమ్ముడి పిల్లల పేర్లు చెప్పి అడిగి ఉంటారు. అవన్నీ పాత జ్ఞాపకాలు, వాటి జోలికి ఈ మందు పెద్దగా పోదు. అడిగినదానికి అప్పటికప్పుడు బదులు కూడా చెప్పి ఉంటారు. మందు దెబ్బ కొట్టేది ఒక్కచోట, ఇప్పుడు జరుగుతున్నదాన్ని రేపటికి దాచిపెట్టే దగ్గర. అందుకే మీరు ఎంత తన్నుకున్నా ఆ మాటలు గుర్తుకు రావు. మరుగున పడిన జ్ఞాపకమైతే ఎప్పుడో ఒకప్పుడు పైకి తేలుతుంది, ఇది అసలు నమోదే కాలేదు. ఎండోస్కోపీకి ముందు ఇదే జాతి మిడజోలమ్ ఇంజెక్షన్ ఇచ్చేది కొంతవరకు ఈ గుణం కోసమే. పేషెంటు "పక్కకి తిరగండి" అంటే తిరుగుతాడు, "నొప్పిగా ఉందా" అంటే తల ఊపుతాడు. గంట తర్వాత కూర్చోబెడితే, "ఎప్పుడు మొదలుపెడతారు డాక్టర్?" అని అడుగుతాడు. ఇది నేను కళ్లారా చూసింది, ఒక్కసారి కాదు.

1987లో ఒక అమెరికా వైద్య పత్రికలో ముగ్గురు నాడీశాస్త్రవేత్తల ఉదంతం వచ్చింది. అట్లాంటిక్ దాటే విమానంలో నిద్ర కోసం ట్రయాజోలమ్ అనే బెంజోడయాజెపైన్ వేసుకున్నారు, మద్యం కూడా పుచ్చుకున్నారు. ఆ తర్వాత కొన్ని గంటలు చూసేవాళ్లకి మామూలుగానే ఉన్నారు, తమ పనులు చేసుకున్నారు. తర్వాత ఆలోచిస్తే ఆ గంటలు వాళ్ల జ్ఞాపకంలో లేవు. ఇలా జరగడానికి దోహదం చేసేవి నాలుగు: మోతాదు ఎక్కువ కావడం, మద్యం తోడవడం, మాత్ర వేసుకున్నాక పడుకోకుండా తిరగడం, మందు దిగకముందే లేవాల్సి రావడం. మీరు మాత్ర వేసుకుని ఫోన్ చూసుకుంటూ, "నిద్ర వచ్చాక పడుకుందాంలే" అనుకునే అలవాటు ఉంటే ఈ రాత్రి నుంచే మానండి. మంచం మీద కూర్చుని మాత్ర వేసుకుని, లైటు ఆర్పేయండి. ముందుగా వేసుకుని మిగిలిన పనులు చేసుకునే మందు కాదిది.

ఇక్కడ ఒక చిన్న పరిశోధన మీరే చేయాలి. కాల్ లిస్టులో ఆ ఫోన్ సమయం చూడండి. మీరు మాత్ర 10:30కి వేసుకుంటారనుకుందాం. ఫోన్ 10:55కి చేసి ఉంటే, మీరింకా నిద్రపోలేదు, మందు ఎక్కుతుండగా మాట్లాడారు. దానికి విరుగుడు పైన చెప్పిందే, వెంటనే పడుకోవడం. ఫోన్ 1:40కి చేసి ఉంటే మాత్రం సంగతి వేరు. ఒకసారి నిద్రపోయి, సగం నిద్రలోనే లేచి చేసిన పని అది. కొందరు ఇలాగే లేచి నడుస్తారు, వంట చేస్తారు, కారు తీసుకుని బయటికెళ్తారు, పొద్దునకి ఒక్కటీ గుర్తుండదు. అరుదే, కానీ ఇలాంటి స్థితిలో ప్రాణాలు పోయిన సందర్భాలు ఉన్నాయి. అందుకే 2019లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ జోల్‌పిడెమ్, దాని జాతివే అయిన ఎస్జోపిక్లోన్, జాలెప్లాన్ ప్యాకెట్ల మీద అన్నిటికంటే తీవ్రమైన హెచ్చరిక పెట్టించింది, ఒక్కసారి అలా జరిగినవాళ్లకి ఆ మందు మళ్లీ ఇవ్వకూడదంది. మీ ఫోన్ నిద్రలోంచి లేచి చేసిందని అనిపిస్తే తర్వాతి అపాయింట్‌మెంట్ దాకా ఆగకండి. ఇవాళే, మాత్ర వేసుకోకముందే, మీ డాక్టరుకి ఫోన్ చేసి ఈ మాటే చెప్పండి.

ఇదే మరుపు ఇంకోచోట మేలు చేస్తున్నట్టు కనబడుతుంది. నిద్రను యంత్రాలతో కొలిచిన పరీక్షల్లో జోల్‌పిడెమ్ తరం మాత్రలు, మందు లేని ఉత్తుత్తి మాత్ర కంటే సగటున 22 నిమిషాల ముందు నిద్ర పట్టిస్తాయని 2012లో వచ్చిన ఒక విశ్లేషణ లెక్కగట్టింది. మనుషులు చెప్పేది మాత్రం దానికంటే చాలా గొప్పగా ఉంటుంది: "రాత్రంతా ఒళ్లు తెలియకుండా పడుకున్నాను డాక్టర్!" ఆ తేడాలో కొంత, మధ్యలో వచ్చిన మెలకువలు గుర్తుండకపోవడం వల్ల వచ్చేదే. దీన్ని నేను తీసిపారేయను. నిద్ర పట్టనివాడి బాధలో సగం, ఒంటిగంట అయింది, రెండయింది అని గడియారం చూసుకోవడమే. ఆ గంటలు గుర్తుండకపోవడం కూడా ఉపశమనమే. కానీ మాత్ర ఎలా పని చేస్తోందన్న విషయంలో మన సొంత సాక్ష్యం నమ్మదగింది కాదని ఇక్కడే అర్థమవ్వాలి. ఎందుకంటే మర్నాడు పొద్దున కూడా ఇదే సమస్య వస్తుంది.

మీరు రాశారు, "పొద్దున లేచేసరికి ఫ్రెష్‌గానే ఉంటాను, మందు దిగిపోయినట్టే ఉంటుంది" అని. దిగిందా లేదా అన్నది రక్తం చెప్తుంది. మందు రక్తంలో సగానికి తగ్గడానికి పట్టే సమయాన్ని హాఫ్ లైఫ్ అంటాం. జోల్‌పిడెమ్‌కి అది దాదాపు రెండున్నర గంటలు. జోపిక్లోన్‌కి ఐదు, ఎస్జోపిక్లోన్‌కి ఆరు, అల్ప్రజోలమ్‌కి పదకొండు, నైట్రజెపామ్‌కి ఒక రోజు, క్లోనజెపామ్‌కి 30 నుంచి 40 గంటలు. డయాజెపామ్ అయితే అది విరిగి తయారయ్యే పదార్థం కూడా మత్తు మందే, రోజుల తరబడి ఒంట్లో తిరుగుతుంది. క్లోనజెపామ్ రోజూ వేసుకునేవాళ్లకి నిన్నటిది సగం కూడా పోకముందే ఇవాళ్టిది వచ్చి చేరుతుంది. వారం గడిచేసరికి ఒంట్లో మందు నిలవ పెరిగి ఉంటుంది. ఇలాంటివాళ్లు "పొద్దునే కాదు, మధ్యాహ్నం కూడా బుర్ర మబ్బు పట్టినట్టుంది" అంటే ఆశ్చర్యం లేదు.

మీ మందు వీటన్నిటిలోనూ తొందరగా దిగేదే. అయినా మీ విషయంలో నన్ను ఆపింది ఆ 10 అంకె. 2013లో ఎఫ్‌డీఏ ఆడవాళ్లకి జోల్‌పిడెమ్ మోతాదును 10 నుంచి 5 మిల్లీగ్రాములకి తగ్గించమంది. కారణం ఏమిటంటే, 10 మిల్లీగ్రాములు వేసుకున్న ఎనిమిది గంటల తర్వాత రక్తం పరీక్ష చేస్తే, బండి నడపడం ప్రమాదమనిపించేంత మందు ఆడవాళ్లలో వందకి 15 మందికి మిగిలి ఉంది. మగవాళ్లలో ముగ్గురికే. ఆడవాళ్ల ఒంట్లోంచి ఈ మందు నెమ్మదిగా పోతుంది. నెమ్మదిగా విడుదలయ్యే రకంలో అయితే ఆ సంఖ్య ఆడవాళ్లలో 33, మగవాళ్లలో 25. మీ డాక్టరు 10 రాయడానికి వేరే కారణం ఉండొచ్చు, కాబట్టి ఆయన పొరపాటని నేను అనను. కానీ అడగాల్సిన మొదటి ప్రశ్న ఇదే. అన్నం తిన్న వెంటనే మాత్ర వేసుకుంటే అది ఒంటికి ఆలస్యంగా పడుతుంది, దిగడమూ ఆలస్యమే. రాత్రి ఒంటిగంటకి వేసుకుని ఆరుకి లేస్తే లెక్క ఇంకా తప్పుతుంది. ఏడెనిమిది గంటలు పడుకునే వీలు లేని రాత్రి ఈ మాత్ర వేసుకోకూడదు.

ఆ మరుసటి ఏడాది, 2014లో, ఎస్జోపిక్లోన్ మీద ఇలాంటి హెచ్చరికే వచ్చింది. అది నాకు ఇంకా ముఖ్యం అనిపిస్తుంది. 25 నుంచి 40 ఏళ్ల మధ్య ఆరోగ్యవంతులు 91 మందికి 3 మిల్లీగ్రాములు ఇచ్చి చూశారు. ఏడున్నర గంటల తర్వాత కూడా జ్ఞాపకశక్తి, చేతి-కంటి సమన్వయం బాగా దెబ్బతిని ఉన్నాయి. కొందరిలో ఆ ప్రభావం 11 గంటలు దాటింది. చాలామందికి తాము మందకొడిగా ఉన్నట్టు తెలియనే లేదు. నెదర్లాండ్స్‌లో 1980ల నుంచి ఒక పరీక్ష చేస్తున్నారు. మనిషిని మామూలు హైవే మీద వంద కిలోమీటర్లు నడపమని, కారు తన వరుసలో ఎంత అటూ ఇటూ ఊగిందో కొలుస్తారు. రాత్రి జోపిక్లోన్ 7.5 మిల్లీగ్రాములు వేసుకున్నవాళ్ల కారు, పది పదకొండు గంటల తర్వాత కూడా, కాస్త తాగినవాడి కారులాగే ఊగింది.

నా దగ్గరికి ఒకావిడ వచ్చేది, పుస్తకాల ప్రూఫులు దిద్దడం ఆవిడ వృత్తి. ఆరేళ్లుగా జోపిక్లోన్ 7.5 వేసుకుంటోంది. "మందు వల్ల నాకేం ఇబ్బంది లేదండీ, పొద్దున హుషారుగానే ఉంటాను. ఈమధ్య తప్పులు వదిలేస్తున్నానని ఆఫీసులో అంటున్నారు, కళ్లు చూపించుకోవాలేమో" అంది. దిద్దిన ప్రతి పేజీ అంచున పెన్సిల్‌తో టైం వేయమన్నాను. మూడు వారాల తర్వాత ఆ కట్ట తెచ్చి బల్ల మీద పెట్టింది. వేరొకరు రెండోసారి చదివి పట్టుకున్న తప్పులకి ఎర్రగీత ఉంది. ఇద్దరం కూర్చుని పేజీలు తిప్పాం. ఎర్రగీతలు దాదాపు అన్నీ పొద్దున తొమ్మిదికి, పదకొండుకి మధ్య దిద్దిన పేజీల మీదే ఉన్నాయి. మధ్యాహ్నం పేజీలు శుభ్రంగా ఉన్నాయి. పదకొండులోపు పేజీల్లో ఒకదాని మీద ఒకే పేరాలో ఒక వాక్యం రెండుసార్లు అచ్చయింది, ఆవిడ రెండిటినీ చదివి రెండిటికీ టిక్కు పెట్టింది. ఆ పేజీని చాలాసేపు చూసింది. "నాకు బాగానే ఉన్నట్టుందే" అని మాత్రం అంది, మెల్లిగా. కళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లే పని పడలేదు.

ఇది ఆవిడ తప్పు కాదు. ఏ మెదడు మందకొడిగా ఉందో ఆ మెదడే తాను మందకొడిగా ఉన్నానో లేదో తేల్చాల్సి వస్తోంది. నేను కూడా ఇది అనుభవించాను. హౌస్ సర్జన్‌గా ఉన్న రోజుల్లో వరస నైట్ డ్యూటీల తర్వాత కొన్నాళ్లు నైట్రజెపామ్ వేసుకున్నాను. ఒక పొద్దున ఒక కేస్ షీటులో మోతాదు అంకెకి ఒక సున్నా ఎక్కువ రాశాను. సిస్టర్ చూసి, "డాక్టర్, ఒకసారి ఇది చూడండి" అని షీటు వెనక్కి ఇచ్చింది. ఆ క్షణం దాకా నా తల తేటగానే ఉందని నేను ప్రమాణం చేసి చెప్పేవాణ్ణి. ఆ మాత్ర ఆ వారమే మానేశాను. అందుకే మీరు "పొద్దున ఫ్రెష్‌గా ఉంటాను" అన్నదాన్ని నేను లెక్కలోకి తీసుకోలేకపోతున్నాను. మీటింగులో ఒప్పుకున్న పని మధ్యాహ్నానికి పోతోందన్నారే, ఆ మీటింగు ఎన్నింటికి? తొమ్మిదిన్నరకైతే, మీ మాత్ర రాత్రి పదకొండున్నరకైతే, నా అనుమానం బలపడుతుంది.

నిద్రలో జ్ఞాపకాలు స్థిరపడతాయి కదా, మాత్రతో వచ్చే నిద్ర ఆ పని చేస్తుందా అని కూడా చాలామంది అడుగుతారు. దీనికి ఒక్క ముక్కలో జవాబు లేదు. బెంజోడయాజెపైన్లు గాఢనిద్రని తగ్గిస్తాయి, కలలొచ్చే నిద్రని కొంత కోస్తాయి, మధ్యస్థ నిద్రని పెంచుతాయి. జోల్‌పిడెమ్ గాఢనిద్రకి అంత చేటు చేయదు. పైగా నిద్రలో మెదడు తరంగాల్లో వచ్చే స్పిండిల్స్ అనే చిన్న చిన్న గుచ్ఛాలను అది పెంచుతుంది. 2013లో ఒక ప్రయోగంలో, పగటి కునుకుకి ముందు జోల్‌పిడెమ్ తీసుకున్నవాళ్లకి అంతకుముందు నేర్చుకున్న పదాలు మెరుగ్గానే గుర్తున్నాయి, కానీ కంటితో నేర్చుకునే ఒక నైపుణ్యం దెబ్బతింది. 2025 మొదట్లో ఎలుకల మీద ఇంకో ప్రయోగం వచ్చింది. నిద్రలో మెదడు తన వ్యర్థాలను కడుక్కునే ప్రవాహాన్ని జోల్‌పిడెమ్ మందగింపజేసిందని అందులో తేలింది. ఎలుకల్లో చూసినదాన్ని మనుషులకి అంటగట్టి మిమ్మల్ని భయపెట్టడం నాకిష్టం లేదు. ఈ భాగంలో ఆచరణకి పనికొచ్చేది ఒకటుంది, పరీక్షలకి చదివేవాళ్లు ముఖ్యంగా గమనించాలి: మాత్రకి ముందు చదివింది చాలావరకు నిలుస్తుంది. మాత్ర వేసుకున్నాక, "నిద్ర వచ్చేలోపు ఇంకో రెండు పేజీలు" అని చదివింది పోతుంది.

ఇక నెలలు, ఏళ్లు వాడితే ఏమవుతుంది? మీ అసలు భయం ఇదే అనుకుంటాను. ఏళ్ల తరబడి బెంజోడయాజెపైన్లు వాడినవాళ్ల మీద జరిగిన 13 అధ్యయనాలను 2004లో కలిపి చూశారు. జ్ఞాపకం, ఏకాగ్రత, ఆలోచనా వేగం లాంటి 12 అంశాలు కొలిస్తే, పన్నెండిటిలోనూ వాళ్లు వెనకబడి ఉన్నారు. మానేశాక మెరుగయ్యారు, కానీ ఆరు నెలలకి కూడా మందు వాడనివాళ్లతో పూర్తిగా సమానం కాలేదు. ఇక్కడో చిక్కు ఉంది. అన్నేళ్లు ఆ మందు వాడినవాళ్లు చాలామంది అప్పటికే ఆందోళన, డిప్రెషన్, దీర్ఘకాలపు నిద్రలేమి ఉన్నవాళ్లు, వాటివల్ల కూడా బుర్ర మందగిస్తుంది. నేను చూసినంతలో, నెమ్మదిగా మానినవాళ్లలో ఎక్కువమంది రెండు మూడు నెలలకి "తెర తీసినట్టుంది" అనే మాట ఏదో ఒక రూపంలో అంటారు. మీది ఎనిమిది నెలల వాడకం, తొందరగా దిగే మందు. మీ విషయంలో నేను ఆశగానే ఉన్నాను.

డిమెన్షియా సంగతి. 2014లో కెనడాలోని క్యూబెక్ నుంచి వచ్చిన అధ్యయనం పేపర్లకెక్కింది: బెంజోడయాజెపైన్లు మూడు నెలలకి మించి వాడినవాళ్లలో డిమెన్షియాలో ఎక్కువగా వచ్చే రకమైన అల్జైమర్స్ సగం ఎక్కువగా కనబడిందని. చాలామంది బెదిరిపోయారు. 2016లో అమెరికాలో 65 ఏళ్లు దాటిన 3,434 మందిని ఏళ్లపాటు గమనించిన ఇంకో అధ్యయనం వచ్చింది. మాత్రే కారణమైతే ఎక్కువ వాడినవాళ్లకి ఎక్కువ రావాలి. అలా జరగలేదు, ఎక్కువ వాడినవాళ్లలో ప్రమాదం పెరగలేదు. డిమెన్షియా బయటపడటానికి ఏళ్ల ముందే నిద్ర చెడుతుంది, ఆందోళన మొదలవుతుంది, అప్పుడు డాక్టరు మాత్ర రాస్తాడు. జబ్బు ముందు వచ్చి మాత్ర వెనక వచ్చినా, కాగితం మీద తలకిందులుగా కనబడే అవకాశం ఉంది. మాత్ర డిమెన్షియా తెస్తుందని ఇప్పటిదాకా రుజువు కాలేదు.

పెద్దవయసువాళ్లకి మాత్రం ఈ మాత్రలు ఇప్పుడే, ఈ రాత్రే ప్రమాదం. 60 ఏళ్లు పైబడినవాళ్ల మీద జరిగిన 24 అధ్యయనాలను 2005లో కలిపి చూస్తే, 13 మందికి మాత్ర ఇస్తే ఒకరికి నిద్ర మెరుగైంది, ప్రతి ఆరుగురిలో ఒకరికి ఏదో ఒక హాని కలిగింది. మతిమరుపు, గందరగోళం లాంటివి దాదాపు ఐదు రెట్లు ఎక్కువ. పడిపోయి తుంటి ఎముక విరిగితే ఆ మనిషి జీవితమే మారిపోతుంది. మీ అమ్మగారో అత్తగారో "నీకు బాగా పని చేస్తోందిగా, నాకూ ఒకటి ఇవ్వు" అంటే దయచేసి ఇవ్వకండి.

వేరే మాత్రకి మారితే సరిపోతుందా అంటే, ఏ మాత్రకి అన్నదాన్నిబట్టి. ప్రిస్క్రిప్షన్ లేకుండా చాలాచోట్ల దొరికే డైఫెన్‌హైడ్రమిన్, డాక్సిలమిన్ లాంటి జలుబు-అలర్జీ జాతి మాత్రలు అమాయకమైనవని అందరూ అనుకుంటారు. నేను వాటినే ఎక్కువ అనుమానిస్తాను. జ్ఞాపకశక్తికి అవసరమైన ఎసిటైల్‌కోలిన్‌ని అవి అడ్డుకుంటాయి, మర్నాడు తల దిమ్ముగా ఉంచుతాయి, నిద్ర తెప్పించే గుణం మూడు నాలుగు రోజులకే అరిగిపోతుంది. డిప్రెషన్‌కి ఇచ్చే మిర్టజపిన్, తీవ్రమైన మానసిక జబ్బులకి ఇచ్చే క్వెటయాపిన్ లాంటివి వాటి అసలు జబ్బులకి మంచి మందులే, కేవలం నిద్ర కోసమైతే పొద్దున మత్తు తప్పదు. నిద్రవేళని సూచించే హార్మోను మెలటోనిన్ జ్ఞాపకశక్తిని పెద్దగా కదపదు, కానీ దాని బలమూ తక్కువే. 2014 నుంచి వచ్చిన సువోరెక్సాంట్, లెంబోరెక్సాంట్, డారిడోరెక్సాంట్ అనే కొత్త జాతి గాబా దారిలో వెళ్లవు, మెలకువని నిలబెట్టే ఒరెక్సిన్ అనే సంకేతాన్ని ఆపుతాయి. జ్ఞాపకశక్తి విషయంలో ఇవి కాస్త మెరుగనే చెప్పొచ్చు, కొందరికి మర్నాడు మగత మాత్రం ఉంటుంది.

మాత్రని తిట్టి ఊరుకుంటే మీకు అన్యాయం చేసినట్టే. నిద్ర లేకపోవడం కూడా ఇదే పని చేస్తుంది. 17 గంటలు వరసగా మేలుకున్న మనిషి చేతి-కంటి పరీక్షలో, రక్తంలో 0.05 శాతం ఆల్కహాల్ ఉన్నవాడిలా తడబడతాడని 1997లోనే చూపించారు. మీ వయసులో నెలసరి ఆగే దశ కూడా తోడై ఉంటుంది. రాత్రి ఒళ్లంతా వేడెక్కి చెమటలు పట్టి లేస్తున్నారా? ఆ దశలో మాటలు తట్టకపోవడం ఆడవాళ్లలో మామూలే, ఎక్కువమందికి సర్దుకుంటుంది. గురక ఉందా, నిద్రలో ఊపిరి ఆగినట్టవుతోందని ఎవరైనా అన్నారా? స్లీప్ ఆప్నియా అయితే జబ్బు అదే, మాత్ర దాన్ని కప్పిపుచ్చుతుంది. థైరాయిడ్, బి12 పరీక్షలు, డిప్రెషన్ ఉందా అన్న నాలుగు సూటి ప్రశ్నలు, ఇవి లేకుండా ఎవరూ మీకు వయసు మతిమరుపు అని ముద్ర వేయకూడదు.

మానడం ఎలా అన్నది. ఒక్కసారిగా ఆపితే నిద్రలేమి మొదటికంటే ఘోరంగా తిరిగొస్తుంది, కొన్ని రాత్రులు కంటిమీద కునుకుండదు. "చూశారా, మాత్ర లేకపోతే నేను బతకలేను" అని మనిషి మళ్లీ దానికే వెళ్తాడు, ఆ నమ్మకం ఇంకా గట్టిపడుతుంది. బెంజోడయాజెపైన్లు ఏళ్లుగా వాడినవాళ్లు హఠాత్తుగా ఆపితే ఫిట్స్ కూడా రావచ్చు. వాళ్ల విషయంలో 2025లో అమెరికా నిపుణులు చెప్పిన పద్ధతి, రెండు నుంచి నాలుగు వారాలకోసారి 5 నుంచి 10 శాతం తగ్గించడం. మీకు అంత నెమ్మది అవసరం పడకపోవచ్చు. 10 నుంచి 7.5, అక్కణ్ణుంచి 5, అక్కడ కొన్నాళ్లు ఆగి ఆపైన, ఇలా మీ డాక్టరే మెట్లు వేస్తారు. సాధ్యమేనా అని మీకు అనుమానం ఉంటే, 2014లో క్యూబెక్‌లోనే జరిగిన ఒక ప్రయోగం చెప్తాను. ఏళ్లుగా బెంజోడయాజెపైన్లు వాడుతున్న పెద్దవాళ్లకి, మందు గురించి, తగ్గించే పద్ధతి గురించి ఒక చిన్న పుస్తకం పంపారు. ఆరు నెలల్లో వందకి 27 మంది పూర్తిగా మానేశారు. పుస్తకం అందనివాళ్లలో మానింది ఐదుగురే.

తగ్గిస్తూనే సీబీటీ-ఐ అనే చికిత్స మొదలుపెట్టండి, అంటే మందు లేకుండా నిద్ర అలవాట్లనీ ఆలోచనలనీ మార్చే పద్ధతి. 2016 నుంచి అమెరికా ఫిజీషియన్ల సంఘం నిద్రలేమికి మొదట ఇవ్వమనేది దీన్నే, మాత్ర ఆ తర్వాతే. నిద్ర వస్తేనే మంచం ఎక్కడం, పట్టకపోతే లేచి వేరే గదిలోకి పోవడం, రాత్రి ఎలా గడిచినా పొద్దున ఒకే టైముకి లేవడం, మంచం మీద గడిపే గంటల్ని నిజంగా నిద్రపోయే గంటలకి దగ్గరగా కుదించడం. నాలుగు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది. మొదటి రెండు వారాలు పగలు మగతగా ఉంటుంది, ఆ రోజుల్లో బండి నడపకండి. మూర్ఛ, బైపోలార్ (మనసు విపరీతంగా పైకీ కిందికీ ఊగే జబ్బు) ఉన్నవాళ్లు ఈ గంటల కుదింపును సొంతంగా చేయకూడదు.

డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు రెండు వారాల కాగితం ఒకటి పట్టుకెళ్లండి. మాత్ర ఎన్నింటికి వేసుకున్నారు, లైటు ఎప్పుడు ఆర్పారు, ఎప్పుడు లేచారు, ఆ రోజు ఏం మరిచిపోయారు, ఎన్నింటికి. మీకు ఎలా అనిపించిందో కాదు, ఏం జరిగిందో రాయండి. వేసుకునే మిగతా మందుల పేర్లు, మద్యం అలవాటుంటే అదీ దాచకుండా చెప్పండి. వీటితో పాటు ఇవాళే మీ తమ్ముడికి ఫోన్ చేయండి. ఆ రాత్రి మీ మాట ముద్దగా ఉందా, అడిగిందే మళ్లీ అడిగారా, నిద్రలోంచి లేచినట్టున్నారా, ఫోన్ ఎలా పెట్టేశారు అని అడగండి. ఆయన చెప్పినదాన్ని ఆయన మాటల్లోనే ఆ కాగితం మీద మొదటి వరుసలో రాసుకోండి.